ఆ పిల్ల నన్ను ‘అమ్మా’ అంటోంది, నేనేమో వెళ్లిపోవాలి

ఈ వారం ఉత్తరం కోనసీమ నుంచి వచ్చింది. రాసినావిడ ఒక ఆడపిల్లల హోములో పనిచేస్తున్నారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. పిల్లల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు నేనే కొన్ని మార్చాను. ఉత్తరం ఏడు పేజీలుంది, అందుకని ముఖ్యమైనవి మాత్రం చెప్తాను.

ఆవిడకి నలభై ఆరేళ్లు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఒక్కతే కూతురు, పెళ్లయి హైదరాబాద్‌లో ఉంటోంది. ఐదేళ్లుగా ఈవిడ ఆ హోములోనే ఉంటూ పిల్లల్ని చూసుకుంటున్నారు. ఆరేళ్ల నుంచి పదహారేళ్ల దాకా మొత్తం ఇరవై నలుగురు. వాళ్లలో ఎనిమిదేళ్ల పాప ఒకతి కిందటి వానాకాలంలో వచ్చింది. తండ్రి ఎప్పుడో వదిలేసి వెళ్లాడు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి మూడేళ్లు. పెంచుతున్న అమ్మమ్మ పోయింది. గోదావరి లంక గ్రామంలో ఉండే పిన్ని నాలుగు నెలలు చూసింది. రొయ్యల చెరువు మీద కాపలా కాసే మొగుడి జీతంతో, తన ఇద్దరు పిల్లలతో నెట్టుకురాలేక చివరికి అధికారుల ద్వారా హోములో చేర్పించింది.

పాప రాత్రిళ్లు పక్క తడుపుతుంది. తిండి దాస్తుంది. ఇడ్లీ ముక్క, ఉడికించిన గుడ్డు, ఒకసారి పప్పన్నం ముద్ద కూడా దిండు గలీబులో దొరికాయట, చీమలు పట్టి. తల్లి కొన్ని ఆదివారాలు ఫోన్ చేస్తుంది, కొన్ని ఆదివారాలు చెయ్యదు. చేసినా చెయ్యకపోయినా ఆ రాత్రి పాపకి కడుపునొప్పి. "దీపావళి వెళ్లాక ఒకరోజు జడ వేస్తుంటే, ‘అమ్మా, రిబ్బను గట్టిగా కట్టేశావు’ అంది. నేను పలికేశాను. అప్పటి నుంచి అమ్మా అనే పిలుస్తోంది" అని రాశారు.

రాత్రి డ్యూటీ ఆవిడ తడిసిన చాప పాప నెత్తిన పెట్టి అందరి ముందు నుంచీ మోయిస్తున్నారు. రెండుసార్లు స్కేలుతో అరచేతి మీద కొట్టారు. ఇంకోపక్క పదిహేనేళ్ల పిల్ల మొహం మీదే అనేసింది: "మీ చిన్నది పక్క తడిపితే మీరు ఉతుకుతారు. నాకు జ్వరమొస్తే బిళ్ల ఇచ్చి పడుకోమంటారు." ఇవి చాలవన్నట్టు కూతురికి ఐదో నెల. వైశాఖంలో పురుడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, పుట్టిల్లు చూస్తే తాళం వేసి ఉన్న రెండు గదులు. "నీకు ఆ పిల్లలే ఎక్కువైపోయారా అమ్మా?" అని ఫోన్లో ఏడ్చిందట.

ఉద్యోగం మానెయ్యాలా, వద్దా? సంక్రాంతికి పాపని ఇంటికి తీసుకెళ్లవచ్చా? "పిల్లలతో అంత పెనవేసుకోకూడదమ్మా, ఇది ఉద్యోగం" అంటున్న సూపరింటెండెంట్ గారి మాట వినాలా? ఇవీ ఆవిడ ప్రశ్నలు.

చెల్లెమ్మా,

ఉండాలా వెళ్లాలా అని ఒక్క ప్రశ్నగా అడిగారు గానీ, మీ ఉత్తరం నిండా చిక్కుముడులే. ఒకటి లాగితే ఇంకోటి బిగుసుకుంటోంది. అందుకని తేలిగ్గా విడిపోయేవి ముందు విప్పుదాం. పెద్ద ముడి దగ్గరికి వచ్చేసరికి అది కాస్త వదులవుతుంది.

ముందు పక్క తడపడం సంగతి. ఎనిమిదేళ్ల పిల్లకి ఇది కొంటెతనమూ కాదు, బద్ధకమూ కాదు. నిద్రలో తనకి తెలియదు. ఏడేళ్లొచ్చినా పదిమందిలో ఒకరి దాకా అలా తడిపే పిల్లలుంటారు, ఇంట్లో అమ్మానాన్నల మధ్య పడుకునేవాళ్లలో కూడా. మొదట ఏరియా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకి చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, మలబద్ధకం ఉందేమో, షుగర్ ఉందేమో చూస్తారు. విరేచనం సాఫీగా కాకపోతే నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. చాలామంది పెద్దవాళ్లకి ఈ సంగతి తెలియదు.

తర్వాత మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది. పాప బడిలో రోజంతా మంచినీళ్లు తాగుతోందా అని అడగండి. అక్కడ మరుగుదొడ్డి తలుపుకి గడియ ఉందా అని కూడా అడగండి. మన పల్లెబడుల్లో ఆడపిల్లలు చాలామంది పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు మానేస్తారు, వెళ్లాల్సి వస్తుందని. నాలుగున్నరకి హోముకొచ్చి చెంబులకి చెంబులు తాగుతారు. రోజంతా పడాల్సిన నీళ్లు రాత్రికి పడతాయి. నీళ్లు తగ్గించమని నేననను. పగటిపూట సమంగా తాగితే రాత్రి బరువు దానంతటదే తగ్గుతుంది. పడుకునేముందు ఒకసారి, మీరు పడుకోబోయేముందు ఇంకోసారి లేపి తీసుకెళ్లండి. చాప మీద ఒక రెగ్జిన్ ముక్క, దాని మీద దుప్పటి, తలగడ పక్కన మడతపెట్టిన ఇంకో గౌను. తడిస్తే పాప తనే లేచి మార్చుకుని, తడిసినవి మూలనున్న బకెట్లో వేసి పడుకోగలగాలి, ఎవరినీ లేపకుండా, ఎవరూ చూడకుండా. అది ఎవరో విధించిన పనిగా కాకుండా తన పరువు తను కాపాడుకునే దారిగా ఉండాలి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. వచ్చిన నాటి నుంచీ తడుపుతూ ఉంటే ఒక రకం. కొన్ని నెలలు బాగానే ఉండి హఠాత్తుగా మొదలైతే, దాంతోపాటు ఫలానా మనిషిని చూస్తే భయం, స్నానానికి భయం, నడవడంలో ఇబ్బంది లాంటివి ఉంటే, తనని ఎవరైనా ఏమైనా చేశారేమో అన్న అనుమానం మనకి రావాలి. అలాంటిది తెలిసినా, అనుమానం బలంగా ఉన్నా పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోవడమే నేరం. మీ ఉత్తరంలో అలాంటి సూచన నాకు కనపడలేదు. అయినా మీరు దగ్గర నుంచి చూసే మనిషి కాబట్టి రాస్తున్నాను.

తిండి దాచడం గురించి మీరు సిగ్గుపడుతున్నట్టు రాశారు, మేము కడుపునిండా పెట్టట్లేదని జనం అనుకుంటారేమో అని. మీరు పెట్టే అన్నానికీ దీనికీ సంబంధం లేదు. ఆ పిల్ల జీవితంలో అన్నం పెట్టే చెయ్యి మూడుసార్లు మారింది. రేపు ఈ చెయ్యి ఉంటుందో ఉండదో అని ఈ రోజే కొంచెం పక్కన పెట్టుకుంటోంది. దిండు కింద వెతికి లాక్కుంటే మరింత జాగ్రత్తగా దాస్తుంది. మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బా ఒకటి కొనివ్వండి. నాలుగు వేరుశనగ ఉండలో, రెండు బిస్కెట్లో వెయ్యండి. "ఇది నీది. అయిపోతే నన్నడుగు, మళ్లీ వేస్తా" అని చెప్పండి. చెప్పినట్టే వెయ్యండి. మొదటి వారం రోజుకి రెండుసార్లు ఖాళీ అవుతుంది. తర్వాత నింపిందే నిండుగా ఉంటుంది. అయితే ఒక్క పాపకే డబ్బా ఇస్తే పెద్దపిల్ల మాటకి ఇంకో సాక్ష్యం మీరే ఇచ్చినట్టవుతుంది. చిన్నపిల్లలందరికీ ఇవ్వగలిగితే ఇవ్వండి.

ఫోను విషయంలో చిన్న మార్పు చూడండి. ఆదివారం మీకు వీలని పెట్టుకున్నారు. కువైట్‌లో సెలవు శుక్రవారం, శనివారం. ఆదివారం అక్కడ పనిరోజు. మనకీ వాళ్లకీ రెండున్నర గంటల తేడా. మన రాత్రి ఏడంటే వాళ్ల సాయంత్రం నాలుగున్నర, పనిచేసే ఇంట్లో టీలు, వంట మొదలయ్యే వేళ. ఆ తల్లికి ఫోను చేతికి దొరకడమే గగనమై ఉండొచ్చు. "నీకు ఏ రోజు, ఏ వేళ వీలు?" అని ఎవరైనా ఆవిడని అడిగారా? అడిగి చూడండి. కుదరని వారం వాయిస్ మెసేజ్ పెట్టమనండి. "అన్నం తిన్నావా, తల దువ్వించుకున్నావా, నీ గౌను కొన్నాను" అని అర నిమిషం చాలు. ఆ మెసేజ్ ఆఫీసు ఫోన్లో ఉంచి, పాప అడిగినప్పుడు వినిపించండి. ఫోను రాని రోజు గేటు దగ్గర కూర్చోబెట్టకుండా, "ఇవాళ అమ్మకి ఫోను దొరకలేదు, మొన్నటి మాట విందామా" అనడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఇక ‘అమ్మా’ అన్న పిలుపు.

మన భాషలో అమ్మ అనే మాట చాలా విశాలమైంది. కూరలమ్మే ఆవిడా అమ్మే, టీచరమ్మా అమ్మే, ఒళ్లో ఉన్న చంటిదాన్నీ అమ్మా అనే పిలుస్తాం. అందుకని ఆ పిలుపు విని వెంటనే కంగారు పడక్కర్లేదు. పాప పిలుపులో ఏ అమ్మ ఉందో చూడండి. "అమ్మా, సబ్బు" అన్నప్పుడు ఒకటి. రాత్రి మీ కొంగు పట్టుకుని "అమ్మా, నువ్వెక్కడికీ వెళ్లవు కదా" అన్నప్పుడు ఇంకొకటి. మీకు రెండోది వినపడుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది, అందుకే మీకు నిద్ర పట్టట్లేదు.

అలా పిలవొద్దని కసిరితే ఇంకో తలుపు మొహాన వేసినట్టే. అమ్మగానే ఉండిపోతే, కువైట్ నుంచి ఫోన్లో వచ్చే అమ్మ రోజురోజుకీ పల్చబడుతుంది. రేపు ఆవిడ తిరిగొచ్చి కూతుర్ని తీసుకెళ్తే, పాపకి అది తల్లి దగ్గరికి వెళ్లినట్టుండదు, తల్లి నుంచి విడదీసినట్టుంటుంది. నేనైతే వరసల్లో వెతుక్కుంటాను. పిన్ని వద్దు. తనకి నిజం పిన్ని ఉంది, ఆ పిన్నే ఇక్కడ దింపి వెళ్లింది, ఆ మాటకి నొప్పి అంటుకుని ఉంది. పెద్దమ్మ ఖాళీగా ఉంది. "మీ అమ్మకి అక్కనైతే నీకేమవుతాను చెప్పు?" అని తలంటుతూ అడగండి. నోటికి అలవాటై అమ్మా అన్న రోజు పలకండి, సరిదిద్దొద్దు. మీ నోటితో మీరు మాత్రం ఎప్పుడూ పెద్దమ్మ అనే చెప్పుకోండి. "అమ్మతో మాట్లాడినప్పుడు ఈ లెక్కల పేపరు గురించి చెప్పు" అంటూ అసలు అమ్మ పేరు రోజూ మాటల్లోకి తెండి.

సూపరింటెండెంట్ గారి మాట సగం సరైందే. 1946లో బుడాపెస్ట్‌లో ఎమ్మీ పిక్లర్ అనే పిల్లల డాక్టరు తల్లిదండ్రులు దగ్గర లేని పసివాళ్ల కోసం ఒక గృహం నడిపారు. అక్కడ పనిచేసేవాళ్లకి ఆమె నేర్పినవి రెండు. స్నానం, తిండి, బట్టలు మార్చడం తొందర లేకుండా, ముందు చెప్పి చెయ్యాలి: ఇప్పుడు నీ చెయ్యి ఎత్తుతున్నా, ఇప్పుడు నీళ్లు పోస్తున్నా అని. ఒక్కో పిల్లని వీలైనంత వరకూ ఆ కొద్దిమంది చేతులే చూడాలి. అంత దగ్గరగా ఉంటూనే తల్లి స్థానం మాత్రం తీసుకోకూడదు అన్నారు ఆమె. పెనవేసుకోకపోవడం అంటే అదీ. మనసు దూరంగా పెట్టుకుని మొక్కుబడిగా అన్నం వడ్డించడం కాదు. ఈ తేడా మీ సూపరింటెండెంట్ గారితో ఒకసారి కూర్చుని మాట్లాడండి.

ఆ పద్ధతి మీ పెద్దపిల్ల ప్రశ్నకి కూడా జవాబు చెప్తుంది. ఆ పిల్ల అన్నది నిజం, చెల్లెమ్మా. కష్టం బయటికి కనిపించే పిల్ల దగ్గరికి మన చెయ్యి తనంతట తనే వెళ్తుంది. అల్లరి చెయ్యని, ఏడవని, తన బట్టలు తను ఉతుక్కునే పదిహేనేళ్ల పిల్ల దగ్గర ఆగదు. ఆ పిల్లకీ నెలనెలా కడుపునొప్పి వస్తుంది. పరీక్ష ఫీజు గురించి భయముంటుంది. రెండున్నరేళ్లలో పద్దెనిమిది నిండితే ఎక్కడికి పోవాలో అన్న బెంగ ఉంటుంది.

ఒక లెక్క చెప్తాను. ఇరవై నలుగురు పిల్లలు. ఆదివారం వదిలేస్తే వారానికి ఆరు రోజులు. రోజుకి నలుగురు, ఒక్కొక్కరికి పది నిమిషాలు. నలభై నిమిషాలు. ఎవరి వారం వాళ్లదే: మంగళవారం పిల్లకి మంగళవారం మీరు తల దువ్వుతారు, నూనె రాస్తారు, పేలు చూస్తారు, ఆ పదినిమిషాలూ ఇంకెవరు పిలిచినా "ఉండు, ఇప్పుడు అక్క వంతు" అంటారు. పెద్దవాళ్లు తల ఇవ్వకపోతే పక్కన కూర్చుని గోరింటాకు రుబ్బుకోవచ్చు, లెక్కలు చూసుకోవచ్చు, ఊరికే కబుర్లాడుకోవచ్చు. ఒక హోములో ఇది మొదలుపెట్టించినప్పుడు, ఏమీ మాట్లాడని ఒక పిల్ల మూడో వారం తన వంతుకి ముందే చెక్కదువ్వెన చేత్తో పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఏమీ అడగలేదు. దువ్వెన చాచింది. నాకు ఇప్పటికీ ఆ చెయ్యి కళ్లముందు కనిపిస్తుంది.

ఆ పదిహేనేళ్ల అమ్మాయికి "నువ్వన్నది నిజమే" అని కూడా చెప్పండి. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం ఆ పిల్లలు చాలా అరుదుగా చూస్తారు. పద్దెనిమిది తర్వాత కూడా చదువుకీ, పనికీ ఇరవై ఒకటి నిండేదాకా సాయం అడిగే వీలు చట్టంలో ఉందని, దానికి ఇప్పటి నుంచే సోషల్ వర్కర్‌తో రాయించుకుందామని చెప్పండి.

రాత్రి డ్యూటీ ఆవిడ గురించి మీరు చాలా తక్కువ రాశారు. భయపడుతూ రాశారని అర్థమైంది. ఆవిడ కష్టం నాకు తెలుసు. రాత్రంతా ఇరవై నాలుగు మందికి ఒక్కతే, తెల్లారేసరికి మూడు చాపలు ఉతకాలి, ఎనిమిదికి బడికి అందరూ తయారవ్వాలి. రెగ్జిన్, బకెట్, ఇంకో గౌను అన్నది మొదట ఆవిడ పని తగ్గించే ఉపాయం, ఆ మాటే చెప్పి ఆవిడని కలుపుకోండి. చాప మోయించడం వరకే అయితే స్నేహంగా మాట్లాడి ఆపించవచ్చేమో ప్రయత్నించండి, అదీ ఒకటి రెండు రోజుల్లో. ఆ అవమానం చిన్నదేం కాదు.

స్కేలు దెబ్బ వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 82వ సెక్షన్ ప్రకారం హోములో పిల్లల్ని దండన పేరుతో కొడితే మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ, రెండూ గానీ. విచారణకి సహకరించని యాజమాన్యానికి శిక్ష ఇంకా ఎక్కువ. మీ ముందు మూడు దారులున్నాయి. మాట్లాడి ఊరుకోవచ్చు. ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది, దెబ్బలు మీరు లేని రాత్రికి మారొచ్చు. సూపరింటెండెంట్ గారికి తేదీలతో కాగితం మీద రాసి ఇవ్వొచ్చు. వంటగదిలో కొన్నాళ్లు మీతో ఎవరూ మాట్లాడరు, కానీ హోము తనంతట తను సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది. అక్కడ కాగితం మరుగున పడితే, సీడబ్ల్యూసీ అని అందరూ పిలిచే బాలల సంక్షేమ కమిటీకి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ చెప్పాలి. అప్పుడు విచారణ వస్తుంది, అందరికీ కష్టమే. నేను రెండో దారి ఈ వారమే పట్టమంటాను, మూడోది మూసుకోకుండా. ఏం చేసినా ఒకటి గుర్తుపెట్టుకోండి. దెబ్బ తగిలినప్పుడు పాప మీ మొహం చూసిందని మీరే రాశారు.

సంక్రాంతి. పాపని మీ ఇంటికి తీసుకెళ్లాలన్న కోరికలో తప్పు లేదు. కానీ అది మీరూ సూపరింటెండెంట్ గారూ అనుకుని చేసే పని కాదు. పిల్లని బయటికి పంపే సెలవు సంక్షేమ కమిటీ ఇవ్వాలి, మామూలుగా ఒక్కసారికి ఏడు రోజులకి మించదు, అదీ ఎక్కువగా సొంతవాళ్ల అవసరాలకి. అనుమతి వచ్చిందనే అనుకుందాం. భోగినాడు మీ ఇంట్లో తలంటి, కొత్త గౌను, అరిసెలు. మూడోనాడు మళ్లీ హోము, అదే చాప. పండక్కి హోములోనే ఉండిపోయిన పిల్లలు గేటు దగ్గర నిలబడి చూస్తారు. ఆ మూడు రోజుల సుఖం కంటే తిరిగొచ్చిన రాత్రి బరువెక్కువ అవుతుందని నా భయం.

దాని బదులు ఆలోచించండి. పండగకి చాలామంది చుట్టాలిళ్లకి వెళ్తారు, తొమ్మిది మంది మిగులుతారని రాశారు. ఆ తొమ్మిది మందికీ హోములోనే పండగ చెయ్యండి. ముందురోజు రాత్రి ముగ్గు కలపడం, గొబ్బెమ్మలకి బంతిపూలు, పాకుండలు వండుతుంటే చుట్టూ కూర్చోవడం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం మీకు దగ్గరైతే తీసుకెళ్లమని అడగొచ్చు. కానీ ఆ జనంలో తొమ్మిది మందికి కనీసం ముగ్గురు పెద్దవాళ్లు కావాలి, ప్రతి పిల్ల జేబులో హోము ఫోన్ నంబరు ఉండాలి. అది కుదరకపోతే మీ ఊరి ప్రభ గుడి దగ్గర ముస్తాబవుతుండగా ముందురోజే చూపించినా పిల్లలకి పండగే. వెదురు బద్దలు వంచి రంగు గుడ్డలు చుడుతుంటే దగ్గర నుంచి చూడటం, తీర్థంలో తోపులాటలో చూడటం కంటే నయం.

అసలు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉండిపోయింది. పిన్ని ఎక్కడుంది? ఉత్తరంలో ఆవిడ గురించి ఒక్క వాక్యమే ఉంది, కానీ అందులో కోపం లేదు. వల్ల కాక దింపింది, వద్దనుకుని కాదు. హోము ఆఖరి దారి కావాలి, కుటుంబమే మొదటి దారి అని చట్టమే చెప్తోంది. చుట్టాలింట్లో పెరిగే పిల్లలకి కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు దాటకూడదు, పట్టణాల్లో 96 వేలు. తల్లి కువైట్ నుంచి ఏం పంపుతోందన్నది కూడా చూస్తారు. వస్తుందని నేను హామీ ఇవ్వలేను, కానీ జిల్లా బాలల సంరక్షణ విభాగం సోషల్ వర్కర్ లంకకి వెళ్లి ఆ ఇల్లు చూసి రావడానికి ఖర్చేమీ లేదు. సంక్రాంతికి సెలవు అడిగితే మీ ఇంటికి కాకుండా పిన్ని ఇంటికి అడగండి. పాప వెళ్లనంటే బలవంతం వద్దు. వెళ్లి నవ్వుతూ వస్తే అదొక దారి. ఏడుస్తూ వస్తే, ఇప్పుడే కాదని తెలుస్తుంది.

చివరికి పురుడు. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న గుచ్చుకుని ఉంటుంది. ఆ పిల్లకి మీరు వెళ్లాలి. అందులో నాకు రెండో మాట లేదు. తొలి కాన్పుకి తల్లి దగ్గర లేకపోతే ఆ లోటు మీ ఇద్దరి మధ్యా చాలా ఏళ్లు ఉంటుంది. కానీ వెళ్లడం వేరు, మానెయ్యడం వేరు. వైశాఖం అంటే బడి సెలవులు. హోములో పిల్లలు సగానికి సగం ఉండరు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూలై దాకా మూడు నెలల సెలవు అడగండి, జీతం లేకుండానైనా. ఇస్తే, తర్వాత ఉండాలా వద్దా అన్నది మనవడో మనవరాలో ఒళ్లో ఉన్నప్పుడు నింపాదిగా ఆలోచించుకోవచ్చు. ఇవ్వకపోతే మానెయ్యక తప్పదు. మానేశాక కూడా నెలకోసారి హోము అనుమతితో పలకరించే దారి అడగండి. అయితే నెలకోసారి అని రెండు నెలలు వెళ్లి మూడో నెల మానెయ్యడం కంటే, పండగ పండక్కి అని చెప్పి ప్రతి పండక్కీ వెళ్లడం మేలు.

ఏదైనా సరే, పాపకి అబద్ధం చెప్పొద్దు. నేను తిరిగిన హోముల్లో ఒకచోట ఒక ఆయా "ఊరెళ్లొస్తా నాన్నా" అని చెప్పి వెళ్లిపోయింది. ఏడుస్తాడని అలా చెప్పింది. ఆ బాబు రెండు నెలలు రోజూ సాయంత్రం ఐదింటి బస్సు వేళకి గేటు దగ్గర నిలబడేవాడు. బస్సు వెళ్లిపోయాక లోపలికొచ్చి అన్నం తినేవాడు. ఎవరితోనూ ఏమీ అనేవాడు కాదు. ఏడిస్తే బాగుండేది.

నెలా పదిహేను రోజుల ముందు చెప్పండి. "మా అమ్మాయికి పాపాయి పుడుతుంది, నేను వెళ్లి స్నానం పొయ్యాలి" అని గోడ క్యాలెండరులో వెళ్లే రోజు చూపించండి. తిరిగొచ్చే రోజు నిజంగా తెలిస్తేనే దాని చుట్టూ సున్నా చుట్టండి, తెలియకపోతే తెలియదనే చెప్పండి. నీ వల్ల వెళ్లట్లేదు అన్న మాట నోటితో అనండి, పిల్లలు అదే అనుకుంటారు. మీ బదులు వచ్చే మనిషి చివరి రెండు వారాలు మీ పక్కనే ఉండాలని సూపరింటెండెంట్ గారిని పట్టుబట్టి అడగండి. మీరు తలంటుతుంటే ఆవిడ నీళ్లు పొయ్యాలి. తర్వాత ఆవిడ తలంటుతుంటే మీరు నీళ్లు పొయ్యండి.

ఇప్పటి నుంచీ ఒక నోటుబుక్కు పెట్టండి, పిల్లకొక పేజీ. ఆఫీసు ఫైల్లో బరువు, ఎత్తు, టీకాలు ఎలాగూ ఉంటాయి. మీకు మాత్రమే తెలిసినవి ఇందులో రాయండి. ఎవరు బల్లిని చూస్తే స్నానాలగదిలోకి వెళ్లరో, ఎవరికి చారులో ఇంగువ పడదో, ఎవరు జ్వరమొస్తే చెప్పకుండా దుప్పటి కప్పుకుంటారో. పదిహేనేళ్ల అమ్మాయి పేజీ మొదట రాయండి. చిన్నదాని పేజీకి మొదటి వాక్యం మీ ఉత్తరం మూడో పేజీ అడుగున ఉంది: "నిద్ర పట్టకపోతే దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటుంది. ఆ దుప్పటి ఉతికే రోజు తనకి ముందే చెప్పాలి."